పెద్దపేగు క్యాన్సర్ వంశపారంపర్య ముప్పు: తూర్పు ఆసియా లెక్కల్లో మన ఇంటికి ఏది పనికివస్తుంది

గత వేసవిలో పాలకొల్లు దగ్గర మా బంధువుల ఇంట్లో ఒక జన్యు పరీక్ష నివేదిక నా చేతికి వచ్చింది. ఆ ఇంటి పెద్దబ్బాయికి 38 ఏళ్లు. ఉమ్మి నమూనా పంపించి, రంగురంగుల కాగితాలు తెప్పించుకున్నాడు. పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ‘ఆసియా సగటు’ అని రాసి ఉన్న చోట ఆకుపచ్చ రంగు వేసి ఉంది, అది చూసి ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాఫీ గ్లాసు చేతికిస్తూ వాళ్లమ్మగారు మాటల్లో మాటగా చెప్పిన సంగతి మాత్రం ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. ఆమె తోడబుట్టిన తమ్ముడు 44 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్‌తో పోయారు, ఆమె తల్లికి 50 నిండకముందే గర్భసంచికి క్యాన్సర్ వచ్చింది. నివేదిక తయారుచేసినవాళ్లు ఆ ప్రశ్న అడగలేదు, ఇంట్లోవాళ్లకు అది చెప్పవలసిన విషయమని తోచలేదు.

ఇంట్లో ఒకరిద్దరికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చి, మిగిలినవాళ్లకు ముప్పు ఎంత ఉందో తెలుసుకోవాలనుకునే కుటుంబాలు వరసగా చేయవలసిన పనులను ఇక్కడ చెబుతాను. ‘ఆసియా’ పేరుతో దొరికే జన్యు లెక్కలు చాలావరకు జపాన్, చైనా, కొరియా ప్రజల మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చినవే కాబట్టి, అమలాపురంలోనో తణుకులోనో ఉండే మనకు వాటిలో ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో ముందుగా తేల్చుకోవాలి. అది తేలకుండా పరీక్షకు డబ్బు కట్టడం వృథా అని నా అభిప్రాయం.

‘ఆసియా’ అన్న మాటను ఎలా చదవాలి

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతటా దాదాపు 19 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు బయటపడింది, దాదాపు 9 లక్షల మంది దీనితో మరణించారు. కొత్త రోగుల్లో సుమారు సగం మంది ఆసియా ఖండంలోనే ఉన్నారు. జపాన్, దక్షిణ కొరియాల్లో ఇది ఎంతగా పెరిగిందంటే, మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే పరీక్షను జపాన్ 1992 నుంచే 40 ఏళ్లు దాటినవారికి జాతీయ కార్యక్రమంగా నడుపుతోంది. మన దేశంలో ఈ జబ్బు వచ్చేవారి సంఖ్య జనాభాతో పోల్చి చూస్తే ఆ దేశాల కంటే చాలా తక్కువ, అయితే వచ్చినవారిలో చిన్న వయసువారి వాటా ఎక్కువ. అక్కడి పెరుగుదలనంతా జన్యువుల మీద నెట్టడం కూడా సరికాదు. జపాన్ నుంచి హవాయికి వలసవెళ్లిన కుటుంబాల్లో ఒకటి రెండు తరాలు గడిచేసరికి ఈ క్యాన్సర్ అక్కడి తెల్లవారి స్థాయికి చేరింది. రెండు తరాల్లో జన్యువులు మారవు, తిండీ పనీ అలవాట్లూ మారతాయి.

వంశపారంపర్య ముప్పు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, ఒకే ఒక్క జన్యువు దెబ్బతినడం వల్ల వచ్చే పెద్ద ముప్పు. రెండవది, జన్యుపటంలో అక్కడక్కడా ఉండే వందలాది చిన్న తేడాలు కూడగా ఏర్పడే కొద్దిపాటి ముప్పు. ఉమ్మి పరీక్షల నివేదికలు ఎక్కువగా ఈ రెండవ రకాన్ని లెక్కవేసి ఇచ్చేవే.

ఈ చిన్న తేడాల వేట 2007లో 8వ క్రోమోజోమ్ మీద ఒక చోటు బయటపడడంతో మొదలైంది. తొలి అధ్యయనాలన్నీ యూరప్ సంతతివారి మీదే జరగడంతో, చైనా, జపాన్, కొరియా పరిశోధకులు అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వారితో కలిసి ఆసియా పెద్దపేగు క్యాన్సర్ కూటమిగా ఏర్పడి, తూర్పు ఆసియా ప్రజల్లో విడిగా వెతికారు. 2013లో మూడు, 2014లో మరో ఆరు కొత్త చోట్లను ప్రకటించారు. 2023లో యూరప్, తూర్పు ఆసియా సంతతులను కలిపి 1,00,204 మంది రోగులనూ, జబ్బు లేని 1,54,587 మందినీ పోల్చి చూసిన అధ్యయనం ముప్పుతో సంబంధమున్న గుర్తులు 205 ఉన్నాయని తేల్చింది. వీటిలో ఒక్కొక్కటి పెంచే ముప్పు చాలా చిన్నది, సాధారణంగా వందకు ఐదు నుంచి ఇరవై వంతుల లోపే ఉంటుంది. అన్నీ కూడితేనే ఒక స్కోరు అవుతుంది.

ఆ రెండు సంతతుల్లోనూ మనం లేము. ‘ఆసియావాళ్లమే కదా, జపాన్ లెక్క మనకూ సరిపోతుంది’ అనుకోవడం ఎందుకు తప్పో ఒక పోలికతో చెబుతాను. మన ఊళ్లో ఎవరికైనా దారి చెప్పేటప్పుడు ‘రావిచెట్టు పక్కనే తూము’ అంటాం. ఊరికి నీళ్లు వదిలేది తూము, రావిచెట్టు కేవలం ఆనవాలు. ఈ అధ్యయనాల్లో దొరికినవి చాలావరకు రావిచెట్లే, అంటే అసలు దెబ్బతిన్న చోటుకు పక్కన ఉండే ఆనవాళ్లే. తరతరాలుగా ఒకే జనంలో పెళ్లిళ్లు జరిగినప్పుడు ఆనవాలూ అసలు చోటూ కలిసే వారసత్వంగా వస్తాయి, వేరే జనంలో ఆ జంట విడిపోయి ఉండవచ్చు. పక్క ఊరికి వెళ్లి రావిచెట్టు కోసం వెతికితే చెట్టు కనబడుతుంది గాని దాని పక్కన తూము ఉండకపోవచ్చు. అందువల్ల తూర్పు ఆసియావారి కోసం కూర్చిన స్కోరు మన మీద పెడితే ముప్పు ఉన్నవారిని లేదనీ, లేనివారిని ఉందనీ చెప్పే అవకాశం ఉంటుంది. 10,000 మంది భారతీయుల పూర్తి జన్యుపటాలను చదివిన జీనోమ్ ఇండియా కార్యక్రమం సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. మనకంటూ లెక్కలు తయారుకావడానికి అది పునాది అవుతుంది. ఈలోగా మీ చేతిలో ఉన్న స్కోరు ఆకుపచ్చగా ఉన్నా ఎర్రగా ఉన్నా, దాన్ని బట్టి కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) మానేయడం గాని, వాయిదా వేయడం గాని చేయవద్దు.

తూర్పు ఆసియా వ్యాసాల్లో తరచుగా కనబడే మరో పేరు ఏఎల్‌డీహెచ్2. మద్యం ఒంట్లో విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే విషాన్ని హరించే ఎంజైమును తయారుచేసే జన్యువు ఇది. తూర్పు ఆసియాలో మూడోవంతుకు పైగా జనంలో ఇది బలహీనంగా ఉంటుంది, అందుకే రెండు గుక్కలు తాగగానే వాళ్ల ముఖం ఎర్రబడుతుంది. అలాంటివారు తాగుడు కొనసాగిస్తే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుందని స్పష్టంగా తేలింది, పెద్దపేగు విషయంలో సాక్ష్యం అంత గట్టిగా లేదు. ఈ మార్పు దక్షిణ భారతీయుల్లో చాలా అరుదు. అలాగని మనకు మద్యం వల్ల ముప్పు లేదనుకోకూడదు, మద్యం పెద్దపేగు క్యాన్సర్ కారకమే, ఏ జన్యువు ఉన్నవారికైనా.

జపాన్‌కూ మనకూ ఒకటే అయినవి

ఒకే జన్యువు వల్ల వచ్చే పెద్ద ముప్పు సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఆనవాళ్లతో పనిలేదు, విరిగిన తూమునే చూస్తాం. ఏపీసీ జన్యువు దెబ్బతిన్నదంటే టోక్యోలో పుట్టినా రాజోలులో పుట్టినా ఫలితం ఒకటే, యవ్వనంలోనే పెద్దపేగు నిండా వందలాది పాలిప్‌లు, అంటే చిన్న కండ బుడిపెలు, లేస్తాయి, పేగు తీయించుకోకపోతే దాదాపు ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ వస్తుంది. ఈ జన్యువును 1991లో కనుగొన్న బృందాల్లో జపాన్ శాస్త్రవేత్త యూసుకే నకమురా బృందం ఒకటి.

ఇంతకంటే ఎక్కువ కుటుంబాల్లో కనబడేది, ఎక్కువగా కనుగప్పేది లించ్ సిండ్రోమ్. కణం రెండుగా విడిపోయేటప్పుడు డీఎన్‌ఏ నకలు తయారవుతుంది, ఆ నకల్లో దొర్లిన అక్షరదోషాలను దిద్దే ప్రూఫ్‌రీడర్ల వంటి జన్యువులు ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. వీటిలో ఒకటి పుట్టుకతోనే పాడై ఉంటే దోషాలు పోగుపడి, పెద్దపేగులోను, స్త్రీలకు గర్భసంచిలోను, కొందరికి జీర్ణాశయం, అండాశయం, మూత్రనాళాల్లోను క్యాన్సర్ వస్తుంది. మొదటి రెండు జన్యువులు పాడైనవారిలో జీవితకాలంలో పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు సగం మందికి ఉంటుంది, పీఎంఎస్2 అయితే ముప్పు చాలా తక్కువ. ఎంఎస్‌హెచ్2 పక్కనే ఉండే ఈపీకామ్ అనే జన్యువు చివరి ముక్క ఊడిపోతే ఎంఎస్‌హెచ్2 కూడా మూగబోతుందన్న సంగతి 2009లో డచ్చి కుటుంబాలతో పాటు చైనా కుటుంబాలను పరిశీలించినప్పుడు బయటపడింది. ఖండాలు వేరైనా ఒకే రకం దెబ్బ.

జపాన్‌లో కుటుంబ చరిత్రతో నిమిత్తం లేకుండా 12,503 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల రక్తంలో 27 జన్యువులను చదివితే, 3.3 శాతం మందిలో జబ్బు కలిగించే మార్పు దొరికింది. జబ్బు లేనివారిలో అది 1.5 శాతం. వందమందిలో ముగ్గురే కదా అనిపించవచ్చు. కాని ఆ ముగ్గురి వెనుక వాళ్ల తోబుట్టువులు, పిల్లలు, మేనమామలు, పిన్నులు ఉంటారు, వాళ్లలో తోబుట్టువులకూ పిల్లలకూ ఆ మార్పు ఉండే అవకాశం ఒక్కొక్కరికి సగానికి సగం. జబ్బు రాకముందే పట్టుకోగలిగేది వీళ్లనే, అందువల్ల మిగిలిన వ్యాసమంతా వీళ్ల గురించే.

తూర్పు ఆసియా అనుభవంలో మనం తీసుకోవలసిన హెచ్చరిక ఒకటుంది. జపాన్, కొరియాల్లోని లించ్ కుటుంబాల్లో పెద్దపేగుతో పాటు జీర్ణాశయ క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువగా కనబడుతుంది. జీర్ణాశయంలో కాపురముండే హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి అందుకు తోడవుతుంది. మన దేశంలోనూ ఆ సూక్ష్మజీవి విస్తారంగా ఉంది కాబట్టి, ‘మా తాతగారిది కడుపు క్యాన్సర్, పేగుది కాదు’ అని ఆయన్ను లెక్కలోంచి తీసేయకూడదు.

మూడు తరాల కాగితం

మొదటి పనికి డబ్బు అక్కరలేదు, ఒక తెల్లకాగితం, ఒక మధ్యాహ్నం, జ్ఞాపకశక్తి ఉన్న ఒక పెద్దావిడ చాలు. పుష్కరాలకు గోదావరి గట్టున పిండప్రదానం చేసేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లూ, తల్లివైపు మాతామహుల పేర్లూ వరసగా చెప్పడం మనకు అలవాటే. ఇక్కడ కావలసినదీ అదే వరస, దానికి ప్రతి పేరు పక్కన రెండు సంగతులు చేర్చాలి: ఏ జబ్బు వచ్చింది, ఏ వయసులో వచ్చింది. పోయిన వయసు కంటే జబ్బు బయటపడిన వయసు ముఖ్యం. కచ్చితమైన వయసు గుర్తులేకపోతే ‘పెద్దమ్మాయి పెళ్లి అప్పటికే ఆయనకు జబ్బు’, ‘1986 గోదావరి వరదల తర్వాత ఏడాది’ వంటి గుర్తులతో లెక్కకట్టవచ్చు. ఇలా అడిగితే పెద్దవాళ్లు ఆశ్చర్యపోయేంత కచ్చితంగా చెబుతారు.

మన బంధుత్వ పదాల దగ్గర జాగ్రత్త అవసరం. డాక్టరు ‘మీ అన్నదమ్ముల్లో ఎవరికైనా వచ్చిందా’ అని అడిగితే మనం పెదనాన్న కొడుకునూ, పిన్ని కొడుకునూ కలిపి చెబుతాం, మనకు వాళ్లందరూ అన్నదమ్ములే. డాక్టరు లెక్కలో తోడబుట్టినవారు వేరు, పెదనాన్న పిల్లలు వేరు. తోడబుట్టినవారితో మనకు సగం జన్యువులు ఉమ్మడి, పెదనాన్న పిల్లలతో ఎనిమిదో వంతే. మేనమామ అన్నప్పుడు కూడా తల్లికి సొంత తమ్ముడా, వేలువిడిచిన మేనమామా అన్నది కాగితం మీద విడిగా రాయాలి. ఈ ఒక్క తేడా వల్ల ముప్పు లెక్క తలకిందులు కావడం నేను చూశాను.

రెండవ పొరపాటు, ఇంటిపేరును బట్టి వంశం అనుకోవడం. ‘అది మా అమ్మవాళ్ల ఇంటి జబ్బు, మాది వేరే ఇంటిపేరు’ అనే మాట చాలాసార్లు విన్నాను. ఈ జన్యువులు తండ్రి నుంచి ఎంత వస్తాయో తల్లి నుంచీ అంతే వస్తాయి, పెళ్లై వెళ్లిన ఆడపిల్లలతో పాటే వెళ్లి వాళ్ల పిల్లలకు చేరతాయి. కాబట్టి మేనత్తలూ పెద్దమ్మలూ పిన్నుల సంతానం వరకూ రాయవలసిందే.

మూడవది, పాతరోజుల జబ్బుల పేర్లు. పెద్దావిడ నోట క్యాన్సర్ అన్న మాట రాకపోవచ్చు. ‘మొలల్లోంచి రక్తం పోయి పోయి చిక్కిపోయాడు’, ‘పేగు మూసుకుపోయి కాకినాడ తీసుకెళ్తే ఆపరేషన్ బల్ల మీదే పోయాడు’, ‘కడుపులో గడ్డ’, ‘చివర్లో కామెర్లు కమ్మేశాయి’ అంటుంది. ఇవన్నీ పెద్దపేగు క్యాన్సరే అని తేల్చడానికి వీల్లేదు, అయినా ఆమె అన్న మాటను అన్నట్లుగానే కాగితం మీద రాసుకోవాలి, తేల్చే పని డాక్టరుది. పాత డిశ్చార్జి కాగితాలు, బయాప్సీ రిపోర్టులు ఇంకా బీరువాలో ఉంటే వాటి ఫోటోలు తీసి జతచేయండి.

నాలుగవది, చాలామంది పట్టించుకోనిది, గర్భసంచి ఆపరేషన్లు. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. గర్భసంచి లేని స్త్రీకి అక్కడ క్యాన్సర్ రాదు, అందువల్ల లించ్ కుటుంబంలో తొలి హెచ్చరిక కావలసిన జబ్బు అసలు కనబడకుండానే పోతుంది. కాగితం మీద అక్కచెల్లెళ్లు నలుగురూ ఆరోగ్యంగా ఉన్నట్లు కనిపిస్తే, వారిలో ఎవరికి ఏ వయసులో గర్భసంచి తీశారో, ఎందుకు తీశారో కూడా పక్కన రాయండి.

మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు జరిగిన చోట ఆ దంపతుల పేర్ల మధ్య గుర్తుగా రెండు గీతలు గీయాలి. మ్యూటీవైహెచ్ అనే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ పాడై వచ్చినప్పుడే జబ్బు కలిగిస్తుంది. అప్పుడు తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉండి, తోబుట్టువుల్లో ఇద్దరు ముగ్గురికి పదుల కొద్దీ పాలిప్‌లు లేస్తాయి, పై తరాల్లో ఎవరికీ జబ్బు ఉండదు. దగ్గరి సంబంధాల్లో పెళ్లిళ్లు జరిగిన ఇళ్లలో ఈ అవకాశం పెరుగుతుంది. యూరప్‌వారిలో ఈ జన్యువులో తరచుగా కనబడే రెండు మార్పుల కోసమే చూసే పరీక్ష మనకు చాలదు, జన్యువు మొత్తం చదివే పరీక్షే కావాలని అడగండి.

కాగితం పూర్తయ్యాక చూడవలసిన పాత కొలబద్ద ఒకటి ఉంది. 1990లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చిన ఈ నియమం ప్రకారం బంధువుల్లో ముగ్గురికి జబ్బు ఉండాలి, వారిలో ఒకరు మిగతా ఇద్దరికీ సొంత తల్లో తండ్రో తోబుట్టువో సంతానమో కావాలి, జబ్బు వరసగా రెండు తరాల్లో ఉండాలి, ఒక్కరికైనా 50 ఏళ్లలోపు వచ్చి ఉండాలి. 1999లో గర్భసంచి వంటి ఇతర లించ్ క్యాన్సర్లను కూడా లెక్కలో చేర్చారు. చైనాలో ఒకే సంతానం ఉన్న ఇళ్లలో ఈ నియమం పనిచేయదు, ముగ్గురు రోగులు కావాలంటే అంతమంది మనుషులు ఉండాలి కదా. మన డెల్టాలోనూ ఇప్పుడు ఇద్దరు పిల్లలే, ఆ పిల్లల్లో ఒకరు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. కాబట్టి మీ కాగితం ఈ నియమానికి సరిపోతే వెంటనే కదలండి, సరిపోకపోతే మాత్రం నిశ్చింతగా కూర్చోకండి. 50 ఏళ్లలోపు ఒక్కరికి వచ్చినా అడగవలసిందే.

మైనపు బ్లాకు

ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఆపరేషన్ జరిగి ఉంటే, తీసిన గడ్డ ముక్కను ఆసుపత్రి పాథాలజీ విభాగంవారు మైనంలో పోతపోసి దాచిపెడతారు. అగ్గిపెట్టె కంటే కాస్త చిన్నదైన ప్లాస్టిక్ పెట్టెలో, తెల్లటి మైనం మధ్యన గోధుమరంగు మరకలా కనబడే ఆ ముక్కనే బ్లాకు అంటారు, పక్కన పెన్సిలుతో ఒక సంఖ్య రాసి ఉంటుంది. కుటుంబం మొత్తానికీ అంతకంటే విలువైన సాక్ష్యం లేదు. మా పెద్దమ్మగారు పోయిన కొన్నేళ్లకు ఆమె బ్లాకు కోసం ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికి వెళితే, గడువు దాటిందని పారేశామని చెప్పారు. ఆ ఒక్క ముక్క లేకపోవడం వల్ల మా అక్కచెల్లెళ్ల పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో తేలడానికి రెండేళ్లు పట్టింది.

అందుకని ఆపరేషన్ జరిగిన ఏడాదిలోపే బయాప్సీ రిపోర్టు మీదున్న సంఖ్యను రాసుకుని, రోగి సంతకంతో, రోగి లేకపోతే వారసుల సంతకంతో, బ్లాకు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇచ్చాక దాన్ని చల్లని చోట పెట్టండి. ఎండాకాలంలో తాడేపల్లిగూడెం నుంచి హైదరాబాద్‌కు కారులో తీసుకువెళ్తూ అద్దం ముందు పెట్టి దిగిపోతే మైనం మెత్తబడి కరిగే ప్రమాదం ఉంది.

ఆ బ్లాకు మీద చేయించవలసిన మొదటి పరీక్ష ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. పైన చెప్పిన నాలుగు దిద్దుబాటు ప్రోటీన్లు గడ్డ కణాల్లో ఉన్నాయా లేవా అన్నది దానితో తెలుస్తుంది. నాలుగూ ఉన్నాయంటే లించ్ అవకాశం బాగా తగ్గుతుంది. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 లేవంటే లించ్ అయ్యే అవకాశం గట్టిగా ఉంటుంది. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 లేవంటే మాత్రం తొందరపడకూడదు, వయసు మీద పడినవారిలో ఎంఎల్‌హెచ్1 జన్యువు వారసత్వంతో సంబంధం లేకుండా గడ్డలో మాత్రమే మూగబోవచ్చు. అది తేల్చడానికి గడ్డలో బీఆర్‌ఏఎఫ్ అనే జన్యువు మారిందేమో చూసే పరీక్షో, జన్యువు మూగబోయిన గుర్తును వెతికే మిథైలేషన్ పరీక్షో చేయిస్తారు. ఈ పరీక్ష ఫలితం బతికున్న రోగికి కూడా ఉపయోగం, దిద్దుబాటు లోపించిన గడ్డలకు ఇమ్యూనోథెరపీ మందులు, అంటే ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు ఉసిగొల్పేవి, బాగా పనిచేస్తాయి కాబట్టి వైద్యం ఎంపిక మారవచ్చు.

రక్తపరీక్ష ఎవరికి ముందు

ఆరోగ్యంగా ఉన్న అబ్బాయి ముందుగా వెళ్లి పరీక్ష చేయించుకోవడం సహజమే గాని, అది తలకిందుల పద్ధతి. జబ్బు వచ్చినవారి రక్తాన్నే ముందు పరీక్షించాలి. వారిలో మార్పు దొరికితే, మిగిలినవారందరూ ఆ ఒక్క మార్పు కోసమే చిన్న పరీక్ష చేయించుకుంటే చాలు, అందులో లేదని వస్తే వారికి ఆ ముప్పు నిజంగా లేనట్లే. జబ్బు వచ్చినవారిని పరీక్షించకుండా ఆరోగ్యవంతుడికి ‘ఏమీ లేదు’ అని వచ్చిన ఫలితానికి పెద్ద అర్థం లేదు, కుటుంబంలో ఉన్న మార్పు ఆ పరీక్షకు అందనిది కావచ్చు. పెద్ద ముక్కలు ఊడిపోయిన మార్పులను కూడా పట్టే పద్ధతి వాడతారా అని ల్యాబును అడగండి, ఈపీకామ్ వంటివి అలాగే దొరుకుతాయి.

నివేదికలో ‘అర్థం తేలని మార్పు’ అనే వర్గం ఒకటి ఉంటుంది. మనవంటి జనాల జన్యు సమాచారం ఇంకా తక్కువగా పోగైనందువల్ల మనకు ఆ మాట ఎక్కువగా వస్తుంది. దాన్ని చూసి పేగు ఆపరేషన్లకూ గర్భసంచి ఆపరేషన్లకూ సిద్ధపడవద్దు, సంబంధాలు చూస్తున్న అమ్మాయి పేరు పక్కన దాన్ని రాయవద్దు. ఏడాది రెండేళ్లకొకసారి ల్యాబును మళ్లీ అడగాలి, అప్పటికి దాని అర్థం తేలి ఉండవచ్చు.

జన్యు సలహా ఇచ్చే వైద్యులు డెల్టా పట్టణాల్లో అరుదు. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా ముందు ఫోను చేసి వంశపారంపర్య క్యాన్సర్ల సలహా ఏ రోజు ఇస్తారో కనుక్కుని, మూడు తరాల కాగితం రెండు ప్రతులు తీసుకువెళ్లండి.

ఎప్పటి నుంచి చూపించుకోవాలి

మలంలో రక్తం పడుతున్నవారికి, కారణం తెలియకుండా రక్తహీనత వచ్చిన మగవారికి, మలవిసర్జన తీరు కొన్ని వారాలుగా మారిపోయినవారికి ఈ క్రమం వర్తించదు. వాళ్లు జన్యు పరీక్ష కోసం ఆగకుండా కొలనోస్కోపీకి వెళ్లాలి, మొలలేనని పసరు మందులతో నెలలు గడపకూడదు.

లక్షణాలు లేనివారి సంగతి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇలా చెబుతాయి. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 మార్పు ఉన్నవారు 20 నుంచి 25 ఏళ్ల మధ్య మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలనోస్కోపీ చేయించుకోవాలి, మిగతా రెండు జన్యువులైతే 30 నుంచి 35 మధ్య మొదలుపెట్టవచ్చు. ఏపీసీ మార్పు ఉన్న పిల్లలకు 10 నుంచి 15 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. ఏ జన్యువూ దొరకకపోయినా, తల్లికో తండ్రికో తోడబుట్టినవారికో 60 ఏళ్లలోపు ఈ జబ్బు వచ్చి ఉంటే, 40 ఏళ్లకు గాని, వారికి జబ్బు బయటపడిన వయసు కంటే పదేళ్ల ముందు గాని, ఏది ముందైతే అప్పుడు మొదలుపెట్టి ఐదేళ్లకొకసారి చూపించుకోవాలి. లించ్ ఉన్నవారిలో రోజుకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ రెండేళ్లు వాడితే దీర్ఘకాలంలో పెద్దపేగు క్యాన్సర్లు తగ్గాయని ఒక పెద్ద అధ్యయనం చూపింది. అయితే ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావం తెస్తుంది కాబట్టి డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

కుటుంబంలో ఒక్కరికి పెద్ద వయసులో వచ్చి, జన్యు పరీక్ష అవసరం లేదని డాక్టరు తేల్చినవారికి ఆసియా ప్రజల కోసమే కట్టిన ఒక తేలికైన లెక్క ఉంది. 2011లో ప్రకటించిన ఈ ఆసియా పసిఫిక్ స్కోరుకు రక్తం అక్కరలేదు. వయసు 50 నుంచి 69 మధ్య ఉంటే 2, 70 గాని అంతకు మించి గాని ఉంటే 3, మగవారైతే 1, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే 2, ఇప్పుడు గాని గతంలో గాని పొగతాగితే 1. మన ప్రాంతంలో చుట్ట కాల్చేవారు తాము సిగరెట్ తాగమని చెప్పి ఆ ఒకటి వదిలేస్తుంటారు, చుట్ట కూడా పొగే. మొత్తం 0 లేదా 1 అయితే ముప్పు సాధారణం, 2 లేదా 3 అయితే మధ్యస్థం, 4 గాని అంతకు మించి గాని అయితే ఎక్కువ. తణుకు దగ్గర చుట్ట కాల్చే 55 ఏళ్ల రైతు, తండ్రికి 72వ ఏట పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, ఆయన స్కోరు 6, ఆయన కొలనోస్కోపీకే వెళ్లాలి. ఆయన చెల్లెలు 48 ఏళ్లది, పొగ తాగదు, ఆమె స్కోరు 2. ఆమె డాక్టరును సంప్రదించి మలపరీక్షతో మొదలుపెట్టవచ్చు.

పాలకొల్లు అబ్బాయి విషయంలో ఈ స్కోరు వాడలేదు. వాళ్ల మేనమామ బ్లాకు దొరికింది, అందులో ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 లేవని వచ్చింది. మేనమామ లేరు కాబట్టి ఇప్పుడు ఆయన అక్కగారి రక్తం, అంటే ఆ అబ్బాయి తల్లి రక్తం పరీక్షకు వెళ్లింది. ఫలితం ఏదైనా, ఆమెకు, ఆమె చెల్లెళ్లిద్దరికీ కొలనోస్కోపీ తేదీలు ముందే తీసుకున్నారు. మూడు తరాల కాగితం మీద ఆ తేదీలను ఎర్ర సిరాతో రాసి, దేవుడి గూట్లో పంచాంగం కింద పెట్టుకున్నారు.